వాచీ మూత కింద చుక్క

మధ్యాహ్నం కునుకు పట్టే ముందు ఇప్పటికీ నా చెవుల్లో వాచీలు నడుస్తుంటాయి. మా తాతయ్య వాచీల షాపులో, తెర వెనక, అత్తయ్య బల్ల కింద చాప మీద పడుకుని పెరిగినదాన్ని నేను. గోడలకి, సొరుగుల్లో, గాజు మూతల కింద వందకి పైగా గడియారాలు, వాచీలు. ఒక్కోదానిది ఒక్కో నడక. కాసేపు అలా వింటూ ఉంటే అన్నీ కలిసిపోయి ఎక్కడో వాన పడుతున్నట్టు ఉండేది. కిటికీలోంచి ఎండ వచ్చి బల్ల మీద పడేది. ఆ ఎండలో అత్తయ్య వేళ్లు మాత్రమే కదిలేవి. వాటిని చూస్తూ చూస్తూ నిద్రలోకి జారుకునేదాన్ని. అంతకంటే సుఖం నేను మళ్లీ ఎరగను.

తెరకి ఇవతల, కౌంటర్ దగ్గర మా నాన్న. నుదుటి మీదికి ఎత్తి పెట్టుకున్న భూతద్దం ఆయన అలంకారం. దాన్ని కంటి మీదికి దించుకోగా చూసినవాళ్లు లేరు, దించితే కళ్లు తిరుగుతాయి కాబట్టి. ఎవరైనా వాచీ ఇచ్చి దీనికేమైందని అడిగితే చెవి దగ్గర పెట్టుకుని, గంభీరంగా తలాడించి, "అలిసిపోయిందండి, నాలుగు రోజులు ఉంచండి" అనేవాడు. ఏ వాచీకైనా అదే మాట. జనం తృప్తిగా వెళ్లిపోయేవాళ్లు. మీసం ఉంది, భూతద్దం ఉంది, ఇంకేం కావాలి?

నాన్నకి పదేళ్లప్పుడు తాతయ్య చేతికి పట్టకారు ఇచ్చి కూర్చోబెట్టాడట. మగపిల్లాడు, రేపు షాపు చూసుకోవలసినవాడు. మొదటిరోజే స్ప్రింగు ఎగిరి ఎటో పోయింది. రెండోరోజు ఇంకోటి. నాన్న బిక్కమొహం వేసుకుని కూర్చుంటే, ఆయనకంటే రెండేళ్లు పెద్దదైన అత్తయ్య నేలంతా పాకి వాటిని వెతికి తెచ్చి, ఎవరూ చెప్పకుండానే ఎక్కడివక్కడ అమర్చేసింది. తాతయ్య చూశాడు, మురిసిపోయాడు, పని నేర్పాడు, తెర కట్టాడు. "ఆడపిల్ల తెరిచిందంటే ఎవరూ వాచీ ఇవ్వరమ్మా" అన్నాడట.

ఆ తెర కుట్టింది మా నాన్న. నీలం గుడ్డ మీద తెల్ల పూల అంచు, ఒక్క కుట్టు కూడా వంకర పోలేదు. అమ్మ ఆసుపత్రి డ్యూటీకి వెళ్లిన రోజుల్లో నాకు జడలు వేసిందీ, గౌన్లు కుట్టిందీ కూడా ఆయనే. షాపుకి వచ్చినవాళ్లు తెర చూసి, మీ అమ్మాయి పనితనం ఎంత బావుందండీ అనేవాళ్లు. వాచీ చూసి, మీవాడి చెయ్యి చెయ్యి కాదండీ అనేవాళ్లు. తాతయ్య రెంటికీ చిరునవ్వుతో తల ఊపేవాడు. మంచివాడే, పిల్లలిద్దరూ రెండు కళ్లే ఆయనకి. అయినా ఆ చిరునవ్వు గుర్తొస్తే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

వాచీలు బాగుచేసేవాళ్లకి ఒక అలవాటు ఉంది. పని పూర్తయ్యాక వెనక మూత లోపలివైపు సూదితో తమ గుర్తు, తేదీ గీస్తారు. వాచీ పెట్టుకునేవాళ్లకి అది కనబడదు. మళ్లీ ఎప్పుడో మూత తీసిన ఇంకో పనివాడికే కనబడుతుంది. తాతయ్య గుర్తు చిన్న అరసున్న. ఆయన చెయ్యి వణకడం మొదలయ్యాక షాపులో ప్రతి వాచీ అత్తయ్యే చూసింది, గుర్తు మాత్రం తాతయ్యదే గీసింది. కాకపోతే ఆ అరసున్న ఒళ్లో ఒక చుక్క పెట్టేది. పంతొమ్మిదేళ్లు అలా పెట్టింది. ఒకసారి భూతద్దం నా కంటికి ఆనించి చూపించింది. ఎందుకత్తా అని అడిగాను.

"ఊరికే. నేనూ ఇక్కడ ఉన్నానని" అంది.

అత్తయ్య పెళ్లి చేసుకోలేదు. అడిగినవాళ్లకి, తీరిక దొరకలేదు అని చెప్పేది. నవ్వుతూ చెప్పినా అది నిజమే.

తాతయ్య మంచాన పడ్డాక ఆయన చేతికి వెళ్లిన ఆఖరి వాచీ గార్డుగారిది. గార్డుగారు రైళ్లలో పనిచేసి రిటైరైన పెద్దమనిషి, వాచీ అర నిమిషం వెనకపడినా తగాదాకి వచ్చే రకం. పని అయిపోయి, గుర్తు కూడా గీశాక, ఒక పూట నా దగ్గర ఉంచమ్మా అని తాతయ్య అడిగాడు. చెవి దగ్గర పెట్టుకుని వింటాడు కాబోలు అనుకుని అత్తయ్య ఇచ్చింది. ఆయన పనిముట్ల డబ్బా ఎప్పుడూ మంచం పక్కనే ఉండేది. సాయంత్రం వాచీ తిరిగి ఇచ్చాడు. ఆ వారంలోనే పోయాడు.

ఆరు నెలలయ్యాక అత్తయ్య, ఇక ముందు కూర్చుంటాను అంది. నాన్నకి పట్టరాని సంతోషం. ఇద్దరూ కలిసి బల్లని కౌంటర్ పక్కకి మోశారు. ఆ వారమంతా వచ్చినవాళ్లు అత్తయ్య తల మీంచి చెయ్యి చాచి వాచీలు నాన్నకే ఇచ్చారు. ఒకావిడైతే చంకలో బిడ్డని అత్తయ్య చేతికిచ్చి, వాచీ నాన్న చేతిలో పెట్టింది. చివరికి నూనె వేయించుకోవడానికి గార్డుగారు వచ్చాడు. బల్ల దగ్గర అత్తయ్యని చూసి, ఆమెతో ఒక్క ముక్కా మాట్లాడకుండా, ఇది ఆడవాళ్లు ముట్టుకునే వాచీ కాదయ్యా అని నాన్నతో చెప్పి, జేబులో వేసుకుని వెళ్లిపోయాడు.

ఆ మధ్యాహ్నమే బల్ల మళ్లీ తెర వెనక్కి పోయింది. అత్తయ్య ఏడవలేదు. ఈ నెలాఖరుకి షాపు ఎవరికైనా ఇచ్చేద్దాం, ఇక దొంగలా కూర్చుని చేయలేను అని మాత్రం నాన్నతో అంది. నేను చాప మీద పడుకుని విన్నాను. ఆ రోజు వాన చప్పుడు రాలేదు. వాచీలన్నీ విడివిడిగా కొట్టుకున్నాయి.

ఇరవై రోజులు గడిచాయి. నెలాఖరు నాలుగు రోజుల్లోకి వచ్చింది. గార్డుగారు మళ్లీ వచ్చాడు, కాస్త తగ్గి వచ్చాడు. వేరే షాపులో మూత తీశారట. లోపల వరసగా గుర్తులు ఉన్నాయట. ముందువి మంచి చేతివే, చుక్క ఉన్నవి అంతకంటే మంచి చేతివి, దీన్ని నేను ముట్టుకుని పాడుచెయ్యను, ఆ చుక్క మనిషి దగ్గరికే పట్టుకెళ్లండి అని ఆ షాపతను తిప్పి పంపాడట.

"మీ నాన్నగారి దగ్గర పనివాడు ఎవరైనా ఉండేవాడా? అతనెక్కడున్నాడో చెప్పు" అన్నాడు.

నాన్న నుదుటి మీంచి భూతద్దం తీసి కౌంటర్ మీద పెట్టాడు. నుదుటి మీద గుండ్రంగా మచ్చ. అన్నేళ్లలో నాన్నని ఆ భూతద్దం లేకుండా షాపులో చూడటం నాకు అదే మొదలు.

"పనివాడు కాదండి, మా అక్క. పంతొమ్మిదేళ్లుగా అన్నీ తనే చేసింది. నాకు మూత తియ్యడం కూడా రాదు. ఆ తెర మాత్రం నేను కుట్టాను" అన్నాడు.

గార్డుగారు తెర వంక చూశాడు, నాన్న వేళ్ల వంక చూశాడు. మీ నాన్నగారు ఏనాడూ చెప్పలేదే అని గొణిగాడు.

అప్పుడు అత్తయ్య బయటికి వచ్చింది. వాచీ అందుకుని, మూత తీసి, భూతద్దం పెట్టుకుంది. నేను తర్వాత చూశాను. ఆఖరి గుర్తులో అరసున్నని ఎవరో అడ్డంగా కొట్టేశారు. గీత అటూ ఇటూ వణికింది. లోపలి చుక్క మీద మాత్రం సూది పడలేదు.

"ఇది మా నాన్న చెయ్యి. తన గుర్తు తనే కొట్టేసుకున్నాడు" అంది అత్తయ్య. అప్పుడు ఏడ్చింది. ఏడుస్తూనే కోపంగా, "నోరు తెరిచి ఒక్కసారి చెబితే ఏం పోయేది నాన్నకి?" అంది.

నాన్న కుర్చీలోంచి లేచి పక్కకి జరిగాడు. అత్తయ్య కళ్లు తుడుచుకుని అందులో కూర్చుంది. షాపులో మళ్లీ సన్నగా వాన మొదలైంది.

"ఎప్పుడు రమ్మంటారమ్మా?" అన్నాడు గార్డుగారు, ఆమె మొహంలోకి చూసి.

"నాలుగు రోజులు..." అని అలవాటుకొద్దీ మొదలుపెట్టాడు నాన్న.

"రేపు రండి" అంది అత్తయ్య.