నిమ్మకాయ తొక్కని ట్రాక్టర్

2024. శివరాత్రికి ఇంకా నెల ఉంది. మెదక్ బస్టాండు వెనక సందులో నా దుకాణం. ముందు భాగంలో సెల్‌ఫోన్లు బాగుచేస్తాను, వెనక భాగంలో ప్లాస్టిక్ బ్రిక్స్‌తో నడిచే బండ్లు కడతాను. ఇటుకల పని అని చెబితే జనం తాపీ ఎక్కడ అని అడుగుతారు. నా ఇటుకలు వేలిగోరంత. ఒకదాని బొడిపెలు ఇంకోదాని గుంటల్లో ఇరుక్కుంటాయి. సిమెంటు లేదు, నీళ్లు కొట్టే పని లేదు.

ఏడో తరగతిలో బడి మానేసినప్పుడు లెక్కల సారు, నేను ఇద్దరం ఊపిరి పీల్చుకున్నాం. ఇప్పుడు పొద్దంతా చేసేది లెక్కలే. ఎనిమిది పళ్ల గేర్ నలభై పళ్ల గేర్‌ను తిప్పితే వేగం ఐదో వంతుకు పడిపోతుంది, బలం ఐదింతలవుతుంది. దీన్ని గేర్ రిడక్షన్ అంటారు. సంసారంలోనూ వేగం అట్లాగే పడిపోతుంది గానీ, బలం పెరిగిన దాఖలా నాకు కనబడలేదు.

చూసేవాళ్లకు ఇదంతా ఆట. ఆడేవాడికి మెడ పట్టేస్తుంది, కళ్లు మంటపుడతాయి, బొటనవేలి కొన మొద్దుబారి ఫోను కూడా నా వేలిని గుర్తుపట్టదు. ఆ నెల వరుసగా పిల్లల పుట్టినరోజులకు బొమ్మ జేసీబీలు కట్టి కట్టి, పసుపు రంగు చూస్తేనే విసుగు వచ్చే దశలో ఉన్నాను. అప్పుడొచ్చింది యాదమ్మ.

ఎల్దుర్తి దగ్గరి పల్లె ఆమెది. యాభై ఏళ్లుంటాయి. ఫోనులో ఒక ఫొటో తీసి ముందు పెట్టింది. ఎర్ర ట్రాక్టరు, వెనక నీలం ట్రాలీ, మడ్‌గార్డు మీద సొట్ట. అచ్చం ఇట్లాగే కావాలంది, సొట్టతో సహా. సొట్ట ఇటుకలు ఎవరూ తయారుచేయరక్కా అన్నాను. ఆమె నవ్వలేదు.

సంగతి ఇది. ఆమె భర్త మల్లేశం వరికోతల అప్పుడు ట్రాక్టరుతో సహా కాలువలో పడ్డాడు. తుంటి విరిగింది. దవాఖానా బెంచీ మీద కూర్చుని యాదమ్మ ఏడుపాయల అమ్మవారికి మొక్కుకుంది: మనిషి బతికి ఇంటికొస్తే, మా ట్రాక్టరును శివరాత్రి జాతరలో, బండ్లు తిరిగే రోజు నీ గుడి చుట్టూ తిప్పుతామని. మనిషి వచ్చాడు. ట్రాక్టరే దవాఖానా ఖర్చు కింద అమ్ముడుపోయింది. కొన్నది నిజాంపేట ఆసామి. ఒక్క పూట ఇమ్మని అడిగితే, ఒకరి మొక్కుకు ఇంకొకరి బండి తిరగకూడదని పంపేశాడట. మల్లేశమేమో కట్టె పట్టుకుని గడప దాకా వస్తాడు, అక్కడ ఆగిపోతాడు. ఎముక అతికిందని డాక్టరు చెప్పినా గడప దాటడు.

"ఆయన కాలు గట్టిపడకుంటే నాదే తప్పు రఫీ తమ్మీ. మాటిచ్చింది నేను."

మొక్కుకు బొమ్మ చెల్లుతుందా అని అడిగాను. నాకు గిరాకీ పోగొట్టుకునే తెలివి చిన్నప్పటి నుంచీ ఉంది. ఆమె వెంటనే అంది:

"కండ్లు బాగైతే అమ్మవారికి వెండి కండ్లిస్తరు. నిజం కండ్లు పీకియ్యరు గద."

ఒప్పుకున్నాను. కానీ బండి తనంతట తాను నడవాలంది. తాడు కట్టి గుంజుకుపోతే లెక్కలోకి రాదట. తోలేది మల్లేశమే కావాలట.

పదో వంతు స్కేలులో కట్టాను. స్కేలు అంటే అసలు బండి పది అడుగులుంటే నాది ఒక అడుగు. వెనక చక్రాలకు ఒక మోటారు, స్టీరింగుకు ఒకటి, బ్యాటరీ డబ్బా సీటు కింద, చేతిలో రిమోటు. సొట్ట కోసం మడ్‌గార్డులో రెండు ఇటుకలు వంకరగా బిగించాను. ఇరవై ఏళ్ల పనితనం సరిగ్గా పెట్టడం నేర్చుకోవడానికి పోయింది, వంకరగా పెట్టడానికి రెండు రోజులు పట్టింది.

బండి తయారయ్యాక ఇద్దరూ ఆటోలో వచ్చారు. గడప దాకా ఆటో తెప్పించి యాదమ్మే ఎక్కించిందట. మల్లేశం దిగలేదు. వెనక సీట్లో కట్టె మీద గడ్డం ఆనించి కూర్చున్నాడు. యాదమ్మ ఒక్కతే లోపలికొచ్చి, సొట్టను వేలితో తడిమింది. తర్వాత కొంగు ముడి విప్పి నాలుగు నిమ్మకాయలు తీసి నాలుగు చక్రాల ముందు పెట్టింది.

మెదక్‌లోనే పుట్టి పెరిగినవాణ్ని. కొత్త స్కూటరు నుంచి లారీ దాకా నిమ్మకాయ తొక్కకుండా రోడ్డెక్కిన బండిని నేను చూడలేదు. అయినా ఆ సంగతి నా బుర్రకు తట్టలేదు. పదో వంతు ట్రాక్టరు ముందు నిమ్మకాయ అంటే, అసలు ట్రాక్టరు ముందు గుమ్మడికాయ పెట్టినట్టు.

"స్కేలు ప్రకారం మిరియం గింజ పెట్టాలక్కా," అన్నాను.

"అమ్మవారికి గూడ స్కేలు చెప్తవా?" అంది.

రిమోటు నొక్కాను. ముందు చక్రాలు కాయలను పక్కకు నెట్టేశాయి. వెనక కుడి చక్రం మాత్రం కాయను దొరకబుచ్చుకుని ఎక్కింది. నేను పెట్టిన గేర్ రిడక్షన్ గొప్పది, ఎక్కనిచ్చింది. తొక్కడానికి బరువు లేదు. బండి పక్కకు ఒరిగి, ట్రాలీతో సహా బోర్లా పడింది. చక్రాలు పైకి తిరుగుతూనే ఉన్నాయి.

యాదమ్మ ముఖం తెల్లబోయింది. స్టూలు మీద కూలబడి, అమ్మవారికి ఇష్టం లేదు, ఇంటికి పోదామని ఆటో వైపు కేక వేసింది. ఆమె కంటికి అక్కడ పడింది బొమ్మ కాదు. అది నాకూ అర్థమైంది.

బయట కట్టె చప్పుడైంది. మల్లేశం ఆటో దిగి, మెట్టు దగ్గర కాసేపు ఆగి, లోపలికొచ్చాడు. తిరుగుతున్న చక్రాలను చూశాడు.

"ఎందుకు వడ్డది?" అని నన్నడిగాడు.

ఒక పక్క చక్రం లేచింది, బరువంతా రెండో పక్కకు పోయిందని చెప్పాను.

"నాది గూడ గంతే. కట్ట మీద ఒక చక్రం జారింది." యాదమ్మ వైపు తిరిగాడు. "అమ్మవారు నూకలేదే."

ప్రమాదం గురించి ఆయన నోరు విప్పడం అదే మొదటిసారి అని ఆమె తర్వాత చెప్పింది. బండిని నిలబెట్టాడు. వెనక చక్రం ముందుకు కాయను జరిపి, బానెట్ మీద ఒకటి, సీటు మీద ఒకటి, అరచేతులు ఆనించి వంగాడు. ఇప్పుడు పోనియ్యి అన్నాడు. ప్లాస్టిక్ కిర్రుమంది. నా గుండె కూడా. కాయ చిట్లి రసం గేర్లలోకి కారింది. యాదమ్మ కళ్లు తుడుచుకుంది. నేను గేర్లు తుడుచుకున్నాను.

ఆ చేతుల బరువుకు చక్రాల యాక్సిల్ మెలితిరిగింది. మళ్లీ మొత్తం విప్పాను. ఛాసిస్‌కు, అంటే బండి అడుగు పట్టీకి, రెండో వరుస వేసి, పైనుంచి ఎంత నొక్కినా తట్టుకునేటట్టు కట్టాను. జేసీబీల వాళ్లు ఫోన్లు చేస్తూనే ఉన్నారు. ఎత్తలేదు.

జాతరలో బండ్లు తిరిగే రోజు, గుంపు రాకముందు పొద్దున్నే ఏడుపాయల చేరాం. మల్లేశం అరచేతులు ఆనించి నాలుగు కాయలూ తొక్కించాడు. రిమోటు పట్టుకుని బండి వెనక నడిచాడు. ఆగి ఆగి నడిచాడు, కానీ నడిచాడు. సిమెంటు ఉన్నంత దూరం బండి బుద్ధిగా పోయింది. తర్వాత ఇసుక తగిలింది. మంజీర ఏటి ఇసుక గేర్లలోకి దూరిందంటే ఏ రిడక్షనూ పనికిరాదు. కరకరమని ఆగిపోయింది. వెనక ఎద్దుల గజ్జెలు వినబడుతున్నాయి. అసలు బండ్లు వస్తున్నాయి.

మల్లేశం వంగి బండిని ఎత్తబోయాడు. బానెట్ చేతికొచ్చింది, ట్రాక్టరు కిందనే ఉంది. రెండోసారి స్టీరింగు వచ్చింది. పైనుంచి నొక్కితే తట్టుకునే బండి కట్టాను కదా, పైకి లాగితే ఊడుతుంది. ఇటుకల స్వభావమే అది. అడుగున చెయ్యి పెట్టాలని చెప్పాను. కట్టెను నా చేతికిచ్చి, అడుగున చెయ్యి పెట్టి, చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకున్నాడు. రెండో చెయ్యి యాదమ్మ భుజం మీద వేశాడు. ఆమె ట్రాలీని గంపలాగా నెత్తిన పెట్టుకుంది. బానెట్, స్టీరింగు, కట్టె పట్టుకుని వెనక నేను. ఊరేగింపు అంటే ఊరేగింపే.

రెండడుగులు వేసి యాదమ్మ ఆగింది. గుడి చుట్టూ తిప్పుతామని మొక్కుకున్నాను, మోస్తే చెల్లుతుందా అని భర్తను అడిగింది.

"ఇన్నేండ్లు అది మనల మోసింది," అన్నాడు మల్లేశం. "ఒక్క పొద్దు మనం మోస్తే తక్కువైతదా? నడువు."

చుట్టు పూర్తయింది. ఆయన చేతిలో కట్టె ఇప్పటికీ ఉంది. తుంటి పూర్తిగా కుదురుకోలేదు, బహుశా కుదురుకోదు కూడా. కానీ గడప దగ్గర ఆగడం లేదని, పొద్దుపోయేదాకా చాయ్ హోటలు దగ్గరి నుంచి ఇంటికి రావడం లేదని యాదమ్మ ఫోనులో నామీదే ఫిర్యాదు చేసింది.

నా మెడ మాత్రం అట్లాగే ఉంది. జేసీబీలు మళ్లీ మొదలయ్యాయి. ఈ పనిలో ఇన్నేళ్లు నేను నడక గురించే ఆలోచించాను: చక్రం తిరగాలి, వేగం రావాలి, దిబ్బ ఎక్కాలి. నడిచేవన్నీ ఎక్కడో ఒకచోట ఆగిపోతాయని, అప్పుడు ఎవరో వంగి ఎత్తుకోవాల్సి వస్తుందని ఆలోచించలేదు. ఇప్పుడు ఎవరు ఏ బండి కట్టమన్నా, రంగు, సైజు అడగకముందు ఒకటే అడుగుతున్నాను. ఆగిపోయినంక దీన్ని ఎట్ల ఎత్తుకుంటరు? చాలామంది నవ్వుతారు. నేను వాళ్ల చేతులు చూసి, అడుగున చేతిపట్టు కడతాను.