మాత్రల ఖాళీ షీట్లు

నాకు ముక్కు మీదే కోపం. పులివెందులలో మా వీధిలో అందరికీ ఆ సంగతి తెలుసు. నర్సు ఉద్యోగం వచ్చి జమ్మలమడుగు చుట్టుపక్కల పల్లెల్లో తిరగడం మొదలుపెడితే కాస్త తగ్గుతుందని మావాళ్ళు ఆశపడ్డారు. తగ్గలేదు సరికదా, ఇంట్లోవాళ్ళ మీద అరిచేదాన్ని ఊళ్ళోవాళ్ళ మీద కూడా అరవడం నేర్చుకున్నాను.

అన్నింటికంటే నాకు మంట మాత్రలు మానేసే పిల్లలంటే. ముసలివాళ్ళు మరచిపోతారు, పాపం అనుకోవచ్చు. పదిహేనూ పదహారేళ్ళ పిల్లలు మరచిపోరు, మానేస్తారు. ఒళ్ళు బాగుంటే ఎందుకు మింగాలంటారు, బాగాలేకపోతే మింగి ఏం లాభమంటారు. షుగరు ఉన్న ఒక పిల్లవాడు, స్నేహితులు చూస్తారని సూది మానేసి, స్పృహ తప్పి మమ్మల్ని ప్రొద్దుటూరు ఆసుపత్రి దాకా పరుగెత్తించాడు. అప్పటినుంచి నేనొక పద్ధతి పెట్టుకున్నాను. అయిపోయిన మాత్రల ఖాళీ షీట్లు తెచ్చి చూపిస్తేనే కొత్త నెలవి చేతికిస్తాను. ఇక నన్నెవరూ మోసం చేయలేరని నా తెలివికి నేనే మురిసిపోయాను.

గండికోటకు పోయే దారిలో ఒక పల్లె ఉంది. అక్కడ గొర్రెలు మేపుకునే ఇంట్లో ఇద్దరాడపిల్లలు. పెద్దమ్మాయికి పన్నెండో ఏట మూర్ఛ మొదలైంది. ప్రొద్దుటూరు డాక్టరు పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర రాశాడు. అవి మా క్లినిక్ నుంచే నెలనెలా నేను ఇచ్చేదాన్ని. రెండున్నరేళ్ళు ఒక్కసారి కూడా ఫిట్స్ రాలేదు. ఆ పిల్ల పదో తరగతికి వచ్చింది. ప్రొద్దుటూరులో హాస్టల్లో ఉండి ఇంటర్ చదవాలని దాని పట్టుదల. ఫిట్స్ అదుపులో ఉన్నాయని డాక్టరు కాగితం రాసిస్తే తప్ప బిడ్డను ఇల్లు కదలనివ్వనని తల్లి ఖండితంగా చెప్పింది. అందులో తప్పేమీ లేదు, నేనైనా అంతే అనేదాన్ని.

సరిగ్గా అప్పుడే మళ్ళీ ఫిట్స్ మొదలయ్యాయి. మొదట బడిలో పడింది. నెల తిరక్కముందే పెన్నా లోయ అంచుకు దగ్గరలో గొర్రెల వెంట ఉండగా పడింది. పక్కన వాళ్ళ నాన్న ఉండబట్టి సరిపోయింది. చేతిలో తాళాలు పెట్టారు, ఉల్లిపాయ వాసన చూపించారు, ఊరంతా చేసేవన్నీ చేశారు. డాక్టరేమో, ఇక మూడు నెలలు ఫిట్స్ రాకుండా ఉంటేనే కాగితం అన్నాడు.

మరుసటి నెల ఆ పిల్ల ఖాళీ షీట్లు తీసుకుని వచ్చింది. లెక్కపెట్టాను. ఒక్క మాత్ర కూడా తేడా లేదు. మింగితే ఫిట్స్ ఎందుకొస్తాయి? నా బుర్రకు తోచింది ఒక్కటే. బాలింతలూ ముసలివాళ్ళూ వరుసలో నిలబడి ఉన్నారు. వాళ్ళందరి ముందూ నోరు పారేసుకున్నాను.

"మాత్రలు పెంటదిబ్బలో పారేసి ఖాళీ షీట్లు నాకు చూపిస్తాండావా? ఇంత అబద్ధాలకోరువని అనుకోలేదు."

ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. నా మొహంకేసి చూసి, కొత్త షీట్లు చున్నీలో చుట్టుకుని వెళ్ళిపోయింది. ఆ తర్వాతి నెల రాలేదు.

ఇచ్చిన మాత్రలు ఇంకా రెండు రోజులకు మించి రావని లెక్కవేసి నేనే వాళ్ళ ఇంటికి బయలుదేరాను. దారి పొడుగునా తిట్లు సిద్ధం చేసుకుంటూనే పోయాను. పొద్దున ఎనిమిది దాటింది. దొడ్డి ముందు వాళ్ళ నాన్న గొర్రెలను ఒక్కొక్కటే కాళ్ళ మధ్య ఇరికించుకుని సీసాతో మందు తాపుతున్నాడు.

"ఎన్నింటికి జబ్బప్పా?" అన్నాను.

"ఒగదానికేమ్మా. మూలన కట్టేసింటి సూడు."

"మరి అన్నింటికీ తాపుతాండావే?"

చిన్నపిల్లకు చెప్పినట్లు చెప్పాడు. "ఒగదానికి వచ్చినాక అన్నింటికీ తాపాల కదమ్మా. ల్యాకుంటే మంద మందంతా పోతాది."

బడికి పోవాల్సిన వేళ, చిన్న కూతురు పంచలో మంచం మీద ఇంకా మత్తుగా పడుకుని ఉంది. తల్లి గ్లాసుతో నీళ్ళు తెచ్చి దాన్ని లేపి కూర్చోబెట్టింది. అరచేతిలో తెల్లటి మాత్ర. ఆ మాత్ర నాకు తెలుసు. పెద్దమ్మాయి పొద్దుటి మాత్ర.

గబగబా పంచలోకి పోయాను. "ఆ మాత్ర దానికెందుకు ఇస్తాండావమ్మా?"

ఆమె దాచలేదు, తడబడలేదు. "పెద్దదానికి పన్నెండేండ్లకు వచ్చె. ఇప్పుడు దీనికి పన్నెండు. రాకముందే తాపుతాండా. పొద్దునది దీనికి, రాత్రిది దానికి."

"నాకు చెప్పాల్సిన పని లేదా?"

"నువ్వెప్పుడు అడిగినావు? షీట్లు అయిపోయినాయా అంటివి. అయిపోయినాయంటిమి. ఎవురు మింగినారని నువ్వు అడగనే లేదే."

నా పద్ధతి, నా లెక్క, నా తెలివి అన్నీ ఆ పంచలోనే కుప్పకూలాయి. పెద్దమ్మాయి వాకిలి పట్టుకుని నిలబడి ఉంది. దానికి ముందునుంచీ తెలుసు.

"ఆ పొద్దు ఎందుకు చెప్పలేదు నాకు?" అన్నాను.

"చెప్తే చెల్లికి ఆపిస్తావు కద మేడం. ఆపినాక దానికీ వస్తే?"

చెల్లెలికి రాకూడదని తన సగం మందు వదులుకుంది. హాస్టల్ చదువు పోతుందని తెలిసి వదులుకుంది. అందరి ముందూ అబద్ధాలకోరు అనిపించుకుంది. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

మరునాడే తల్లినీ పిల్లలనూ బస్సెక్కించి ప్రొద్దుటూరు తీసుకుపోయాను. దారిలో ఉండబట్టలేక తల్లితో వాదం పెట్టుకున్నాను.

"కాలిరిగిన గొర్రెకు కట్టు కడతావు. మంద మొత్తానికీ కడతావా?"

"కాలిరిగేది అంటుకోదు. ఇది అంటుకోదని నాకెవురు చెప్పినారు?"

ఎవరూ చెప్పలేదు. మూడేళ్ళుగా నెలనెలా ఆమె ఇంటికి మాత్రలు పంపిన నేను కూడా చెప్పలేదు. ఆ సంగతి అందరికీ తెలిసే ఉంటుందనుకున్నాను.

డాక్టరు చిన్నదాన్ని పరీక్ష చేసి, ఏ జబ్బూ లేదన్నాడు. ఇది ఒకరినుంచి ఒకరికి అంటుకునేది కాదని తల్లికి అర్థమయ్యేదాకా ఓపిగ్గా చెప్పాడు. చిన్నదానికి ఆ మాత్ర ఒక్కసారిగా ఆపకుండా కొద్దికొద్దిగా తగ్గిస్తూ రమ్మని, అందుకు వేరుగా మాత్రలు రాసిచ్చాడు. ఆ తగ్గించే నెలంతా పెద్దమ్మాయి చెల్లెలి మంచం పక్కనే పడుకుందట. చెల్లెలికి ఏమీ కాలేదు. అప్పుడుగానీ దానికి ధైర్యం రాలేదు. తన రెండు మాత్రలూ తాను మింగింది.

తర్వాతి నెల అది క్లినిక్‌కు వచ్చినప్పుడు, వరుసలో ఉన్నవాళ్ళందరూ వినేలా, తప్పు నాదేనని చెప్పాను. ఆ రోజు అరిచినంత గట్టిగానే చెప్పాను. అది సిగ్గుపడి, "చాల్లే మేడం, అందరూ సూస్తాండారు" అంది. అందరూ చూడాలనే కదా చెప్పింది.

మూడు నెలలూ గడిచాయి. కాగితం వచ్చింది. ఆలస్యమైనా సీటు దొరికింది, హాస్టల్‌కు పోయింది.

మొన్న సెలవులకు వచ్చింది. కాస్త ఒళ్ళు చేసింది. రబ్బరు బ్యాండు వేసిన షీట్ల కట్ట ఒకటి నా బల్ల మీద పెట్టింది.

"ఇవి నాకొద్దు, పారేయి," అన్నాను. "ముందు నువ్వెట్లుండావో చెప్పు."

అది నవ్వలేదు. కట్టలోంచి ఒక షీటు తీసి ముందుకు జరిపింది. అందులో మూడు మాత్రలు అలాగే ఉన్నాయి. వాటిని ఒత్తి తీసి పారేసి ఖాళీ షీటు తెచ్చి ఉండొచ్చు. నాకు తెలిసే దారే లేదు.

"మింగలేదు మేడం," అంది. ఎప్పటిలాగే సూటిగా నా మొహంకేసి చూస్తోంది.

కోపం నా ముక్కు దాకా వచ్చింది. నోట్లో తిట్టు తయారుగా ఉంది. దాన్ని మింగి, కుర్చీ దాని దగ్గరికి లాక్కున్నాను.

"కూర్చో," అన్నాను. "ఆ పూటల్లో ఏం జరిగిందో చెప్పు."