మినప చేలో బంగారు తీగ

ఒక చేను పాడుచేయడానికి తుపాన్లు, అడవిపందులు అక్కర్లేదు. పూలంటే ఇష్టమున్న అల్లుడు ఒక్కడు చాలు. ఆ అల్లుణ్ణి నేనే. ఎలా పాడుచేయబోయానో చెబుతాను. నవ్వుకోవడానికి అభ్యంతరం లేదు. వ్యవసాయం చేసేవాళ్లు మాత్రం దగ్గర్లో కర్రలేవీ లేకుండా చూసుకుని చదవమని మనవి.

నా భార్య వసుంధర విజయవాడలో ఒక కాలేజీలో వృక్షశాస్త్రం చెప్పేది. ఆమె పోయి రెండేళ్లయింది. ఇది అంతకు ఆరేళ్ల ముందు మాట.

అప్పట్లో ఆదివారం పొద్దున్నే పటమట నుంచి స్కూటర్ మీద పూలు చూడటానికి వెళ్లేవాళ్లం. ఆ మాట చెబితే పక్కింటివాళ్లు “ఊటీకా అండీ?” అని అడిగేవారు. “కాదండీ, కంకిపాడు దాకా” అనేవాణ్ణి. కాలవగట్టు మీద జనం తొక్కుకుంటూ పోయే మొక్క దగ్గర వసుంధర బండి ఆపమనేది. గొంతుక్కూర్చుని చూసేది. తుమ్మిపువ్వు కింది పెదవి ఎందుకలా చాచుకుని ఉందో, దానిమీద ఏ పురుగు వాలుతుందో చెప్పేది. తెలియకపోతే తెలియదనేది. అన్నేళ్లు పాఠాలు చెప్పిన మనిషి, గేదెలు కాసే ముసలాయన్ని “దీన్ని మీరేమంటారండీ?” అని అడిగి, ఆయన చెప్పింది నోటుబుక్కులో రాసుకునేది. పువ్వును మాత్రం ఎప్పుడూ కోయలేదు.

నా పద్ధతి వేరు. నేను మొక్కల మీద మూడు పుస్తకాలు చదివాను. నాకు తెలియని మొక్క కనబడితే తప్పు ఆ మొక్కదేనని నా నమ్మకం.

జనవరిలో ఒక ఆదివారం ఆమెకు పరీక్షల డ్యూటీ పడింది. ఉయ్యూరు దగ్గర పల్లెలో ఉండే వాళ్ల బాబాయి సుబ్బారావుగారికి మందులు ఇచ్చిరమ్మని నన్ను ఒక్కణ్ణే పంపింది. దారిలో గట్టు మీద, కలుపు పొదల పైన, అది కనిపించింది. సన్నటి పసుపుపచ్చ దారాలు. ఆకు ఒక్కటి లేదు. దారం పొడవునా బియ్యపు గింజంత తెల్లటి పూలు, గుత్తులు గుత్తులుగా. ఎండ పడి ఆ పొద మొత్తం మెరుస్తోంది. మూడు పుస్తకాల్లో ఎక్కడా చూసిన గుర్తు లేదు. కొత్త మొక్కను కనిపెట్టినవాణ్ణి నేనేనని నిర్ధారణకు రావడానికి అర నిమిషం పట్టింది.

మొదలు ఎక్కడుందో వెతికాను. లేదు. ఎంత వెతికినా నేలలోకి దిగిన వేరు లేదు. నాకు జాలేసింది. చేతినిండా తెంపుకున్నాను. సగం వసుంధరకు చూపించాలి. మిగతా సగాన్ని ఎక్కడైనా బతికించాలి.

సుబ్బారావుగారి మినప చేను చూడగానే సమస్య తీరిపోయింది. మొక్కలు బలంగా, పచ్చగా ఉన్నాయి. చేలోకి దిగి, ఒక్కొక్క మొక్కకు ఒక్కొక్క తీగను చుట్టి, జారిపోకుండా మెత్తగా ముడివేశాను. సత్రంలో దిగిన బాటసారులకు గదులు చూపిస్తున్నట్టు ఉంది నాకు.

సుబ్బారావుగారు గట్టు మీద నుంచి కేకేశారు. “ఏం చేస్తన్నావల్లుడూ వంగి?”

“మొక్కలు చూస్తున్నా మామయ్యగారూ.”

“చూడు, చూడు. ఈ ఏడు మినుము బాగా లేచింది. తుపానుకి వరి ఎటూ పడిపోయిందిగా. ఇంటికి రావాల్సింది ఇదొక్కటే.”

“తప్పకుండా వస్తుందండీ” అన్నాను, ఏడో ముడి వేస్తూ.

భోజనం చేసి మధ్యాహ్నానికి ఇంటికి చేరాను. అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన వసుంధర ముందు, బల్ల మీద, నా సగం తీగ పరిచాను. ఆమె ముట్టుకోలేదు.

“ఎక్కడిది?”

“కాలవగట్టు మీద. దీనికి ఆకులు లేవు చూశావా?”

“చూశాను.”

“వేరు కూడా లేదు. పాపం ఎలా బతుకుతుందో.”

“పక్క మొక్కలోకి నోరు దించి దాని రసం తాగి బతుకుతుంది. ఇది బంగారు తీగ. మినుముని పట్టిందంటే ఇక వదలదు. మొత్తం ఇదేనా?”

నేను గోడ మీది క్యాలెండర్ చూడటం మొదలుపెట్టాను.

“ఏవండీ, మిగతాది ఏం చేశారు?”

“ఒక ఏర్పాటు చేశాను.”

“ఏం ఏర్పాటు?”

“మీ బాబాయిగారి చేలో. మంచి బలమైన మొక్కలు చూసి మరీ.”

ఆమె వంటింట్లోంచి పట్టకారు తెచ్చింది. బల్ల మీది తీగను దాంతో తీసి, గ్యాసు పొయ్యి వెలిగించి, మంట మీద పెట్టింది. అది బూడిదయ్యేదాకా అక్కడే నిలబడింది. తర్వాత చెప్పులు వేసుకుంది.

దారిలో స్కూటర్ నడుపుతూ నేనొక సలహా ఇచ్చాను. “గాలికి కొట్టుకొచ్చిందని చెబుదామా?”

“గాలి ఎన్ని మొక్కలకి ముడులు వేసిందని చెబుదాం?” అంది వెనక నుంచి.

“పదిహేను.”

చేను దగ్గర సుబ్బారావుగారి ఎదుట నిలబడి ఉన్నదున్నట్టు చెప్పేసింది. “బాబాయ్, ఈయన మన మినుములో బంగారు తీగ వేశారు. తెలియక వేశారు. ఇన్నాళ్లు నాతో తిరిగిన మనిషికి నేనూ చెప్పలేదు. తప్పు నాది కూడా.”

ఆయన నా వైపు తిరిగారు. “పెళ్లిలో నీకేమన్నా తక్కువ చేశామా అల్లుడూ?” అన్నారు. గొంతులో కోపం లేదు. నిజంగా తెలుసుకోవాలనే అడిగారు.

“ఏ మొక్కలకి చుట్టారండీ?” అంది వసుంధర.

“ఆకులు మూడేసి ఉంటాయి. పచ్చగా, మోకాలి కిందికి.”

“ఎకరం నిండా అవే ఉన్నాయి.”

ముగ్గురం వంగి వెతికాం. తీగ దొరికిన ప్రతి మొక్కనూ తీగతో సహా పీకి గట్టు మీద తగలబెట్టాం. సాయంత్రానికి పదకొండు దొరికాయి. మిగతా నాలుగింటి సంగతి తేలలేదు. పైగా తుంచేటప్పుడు రాలిన ముక్క కూడా దానంతట అదే పక్క మొక్కను పట్టుకోగలదట. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదని చెప్పుకోవడానికి సిగ్గులేదు. ఆ మనిషికి ఉన్నది ఆ పంటే.

ఆ తర్వాత ఆదివారాలన్నీ ఆ చేలోనే గడిచాయి. ఒక చివర నుంచి నేను, ఇంకో చివర నుంచి ఆమె, సాలు సాలూ మోకాళ్ల మీద, తీగ దాక్కోకుండా అడ్డొచ్చిన కలుపల్లా పీకుకుంటూ. ఆమెకు ఆ అవసరం లేదు. ముడులు వేసింది నేను. అయినా ఒక్కవారం మానలేదు, ఒక్కసారి దెప్పలేదు. పూత మొదలైన రోజున నన్ను పిలిచి ఒక మినపపువ్వు చూపించింది. పసుపు రేకల మధ్య ఒక రేక నత్తగుల్లలా మెలితిరిగి ఉంది. పుట్టినప్పటి నుంచి ఇడ్లీలు తింటున్నాను. ఆ పువ్వును చూడటం అదే మొదలు. నా మూడు పుస్తకాలూ కలిసి నాకు నేర్పనిది, నేను చేసిన వెధవపని పుణ్యమా అని ఆమె దగ్గర నేర్చుకున్నాను.

ఆరో ఆదివారం, గట్టు వారగా, చివరి తీగను పట్టింది నేనే. దారప్పోగంత ఉంది. దాన్ని తగలబెడుతున్నప్పుడు వసుంధర “కళ్లు వచ్చాయి మీకు” అంది. అంతకన్న పెద్ద బిరుదు నాకు ఇంతవరకూ ఎవరూ ఇవ్వలేదు.

మార్చిలో మినుము కోశారు. కుప్ప పక్కన నిలబడి సుబ్బారావుగారు గింజలు అరచేతిలో పోసుకుని చూశారు. నేను తీర్పు కోసం ఎదురుచూసే ముద్దాయిలా చేతులు కట్టుకుని నిలబడ్డాను.

“ఇంత శుభ్రమైన పంట ఎప్పుడూ రాలేదు అల్లుడూ. ఒక్క కలుపు మొక్క లేదు.”

“సంతోషం మామయ్యగారూ.”

“వచ్చే ఏడు తూర్పు చేలో కూడా కాస్త తీగ చుట్టిపో. కలుపుకి మనుషులు దొరకటంలా.”

వసుంధర గట్టు మీద కూలబడి నవ్వింది. ఎంతసేపటికీ లేవలేకపోయింది.

కనుక పాఠకుల సమక్షంలో, పూర్తి స్పృహలో, ఎవరి బలవంతమూ లేకుండా ప్రమాణం చేస్తున్నాను. వేళ్లు లేని దేనిమీదా ఇక జాలిపడను. ఎవరి చేలోకి వెళ్లినా రెండు చేతులూ జేబుల్లో పెట్టుకునే దిగుతాను. అత్తవారి చేలోకైతే, జేబులు తిరగేసి చూపించాకే దిగుతాను.