అరచేతిలో ఆపిల్ జ్యూస్

2025 అక్టోబర్ ఆఖరి సోమవారం. మా స్కూల్ మూడో తరగతి పిల్లల్ని ఫీల్డ్ ట్రిప్‌కి తీసుకెళ్ళాం. న్యూజెర్సీలో, పార్సిప్పనీ నుంచి బస్సులో గంట దూరాన పాతకాలపు పొలం ఒకటుంది. పేరుకు మ్యూజియమే కానీ అద్దాల పెట్టెలు, తాకరాదన్న బోర్డులు ఉండవు. ఇక్కడి రైతులు వందేళ్ళ కిందట ఎలా బతికారో అక్కడి సిబ్బంది అలాగే బతికి చూపిస్తారు. పొడుగు గౌన్లు వేసుకుని, నెత్తిన గుడ్డ టోపీలు పెట్టుకున్న ఆడవాళ్ళు చేత్తో పాలు పితుకుతారు, కట్టెల పొయ్యి మీద రొట్టెలు కాలుస్తారు. ఆకులు రాలే కాలంలో మొక్కజొన్న కంకులు ఒలవడం, ఆపిల్స్ నలిపి రసం తీయడం కూడా ఉంటాయి.

నేను ఆ స్కూల్లో నర్సుని. గుంటూరులో నర్సింగ్ చదివి, ఇక్కడ చాలా ఏళ్ళు ఐసీయూలో చేసి, మోకాళ్ళు మొరాయించాక స్కూలుకి మారాను. “ఐసీయూ చూసిన దానివి, బ్యాండ్‌ఎయిడ్‌లు అంటించుకుంటూ కూర్చున్నావా?” అని స్నేహితురాళ్ళు ఏడిపిస్తుంటారు. వాళ్ళకి తెలియదు. ఐసీయూలో గట్టిగా పిలిస్తే నలుగురు పరిగెత్తుకొస్తారు. ఇక్కడ నేనూ, నా ఎర్ర బ్యాగూ, అంతే.

ఆ ట్రిప్‌కి నేను వెళ్ళింది అన్విత కోసం. ఎనిమిదేళ్ళ పిల్ల. అంతకుముందు వేసవిలో టైప్ వన్ డయాబెటిస్ బయటపడింది. అంటే శరీరం ఇన్సులిన్ తయారు చేయడం మానేస్తుంది, బయటి నుంచి ఇవ్వాలి. తినబోయే తిండిలో పిండి పదార్థం ఎంతుందో లెక్కేసి దానికి సరిపడా డోస్ ఇస్తారు. దాన్ని కార్బ్ కౌంటింగ్ అంటాం. డోస్ ఇచ్చాక ఆ తిండి కడుపులో పడాల్సిందే. లేకపోతే రక్తంలో చక్కెర పడిపోతుంది, మా భాషలో ‘లో’. ‘లో’ ముదిరితే ఫిట్స్ రావచ్చు, స్పృహ పోవచ్చు.

వాళ్ళమ్మ దీప్తి పొద్దున్నే బస్సు దగ్గరకొచ్చి అప్పగింతలు పెట్టింది. “సరళ గారూ, మూడు ఇడ్లీలకి డోస్ ఇచ్చేశాను, బ్రేక్‌ఫాస్ట్ అయిపోయింది. లంచ్‌కి మీరు చూస్కోండి. నాకు ఆఫీసు వాళ్ళతో పొద్దుటి స్టాండప్ మీటింగ్ ఉంది, ఫోన్ మాత్రం పక్కనే పెట్టుకుంటా.” ఆ అమ్మాయి కళ్ళ కింద నలుపు చూస్తే జాలేసింది. రాత్రిళ్ళు కూతురి ఒంటి మీది చక్కెర సెన్సర్ మోగుతుందేమోనని సగం నిద్ర పోయే తల్లుల కళ్ళన్నీ అలాగే ఉంటాయి.

పొలంలో మొదట పశువుల కొట్టం. టోపీ పెట్టుకున్న ఆవిడ ఆవు పొదుగు దగ్గర కూర్చుని పాలు పితుకుతుంటే పిల్లలంతా నోళ్ళు తెరుచుకుని చూస్తున్నారు. అప్పుడు అన్విత ఫోన్‌లో అలారం మోగింది. అన్విత చేతికి ఉన్న సెన్సర్, నడుముకి కట్టిన సంచీలోని ఫోన్‌కి కబురు పంపుతుంది. తీసి చూశాను. అంకె బాగా తక్కువగా ఉంది, పక్కన బాణం నేల చూపులు చూస్తోంది. ఇడ్లీలు తిన్న పిల్లకి ఈ వేళప్పుడు ఇలా పడకూడదు. వేలి మీద పొడిచి చూశాను, అదే మాట.

గడ్డి మోపు మీద కూర్చోబెట్టి ఆపిల్ జ్యూస్ డబ్బాకి స్ట్రా గుచ్చి ఇచ్చాను. తల అడ్డంగా ఊపింది.

“తాగు నాన్నా, లో అయ్యావు.”

“నో. నేను తాగను.”

“ఎందుకని?”

“స్టార్స్ వచ్చేదాకా ఏం తినకూడదు. ఇవాళ నాకు ఫాస్టింగ్.”

ఆ రోజు కార్తీక సోమవారం. నక్షత్రం చూశాకే అన్నం. మా ఇంట్లో మా అత్తగారు చేసేవారు, దీప్తి అత్తగారు చేయరా? కానీ ఈ పిల్ల చేస్తుందని ఎవరనుకుంటారు?

“మరి ఇడ్లీలు?”

“నానమ్మ పూజలో ఉంది. మమ్మీ కాల్‌లో ఉంది. లంచ్ బ్యాగ్‌లో పెట్టేశా.”

డోస్ ఒంట్లో ఉంది, ఇడ్లీలు బ్యాగులో ఉన్నాయి. ఇక గొంతు మార్చి గదమాయించాను, బతిమాలాను. పిల్ల పళ్ళు బిగించింది. అంత చలిలో నుదుటి మీద చెమట. ‘లో’ అయినప్పుడు మెదడుకు చక్కెర అందదు, మంచి పిల్లలు కూడా మొండికేస్తారు. బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుందని భయం. దీప్తికి ఫోన్ చేద్దామంటే సిగ్నల్ లేదు. క్లాస్ టీచర్ జెన్నాని పొలం ఆఫీసు గుమ్మం దగ్గర, ల్యాండ్‌లైన్ పక్కన నిలబడమన్నాను. నేను చెయ్యెత్తితే అంబులెన్స్ కోసం 911కి చేసేయమన్నాను. గ్లూకగాన్ తీసి ఒళ్ళో పెట్టుకున్నాను. అది చక్కెర పెంచడానికి ముక్కులో కొట్టే మందు, ఆఖరి దారి.

పిల్ల కళ్ళు మూతలు పడుతున్నాయి. ఇంకొక్కసారి చూద్దామనుకున్నాను.

“అన్వీ, ఉపవాసం రోజు నానమ్మ గుడికి వెళ్తుందా?”

“ఊఁ.”

“పంతులుగారు తీర్థం ఇస్తే తాగుతుందా, వద్దంటుందా?”

“తాగుద్ది.”

“మరి ఫాస్టింగ్ పోయిందా?”

“నో... తీర్థం ఈజ్ ఓకే.”

“చెయ్యి పట్టు.”

ఆవుని నిమిరిన చెయ్యి. ఎంత కంగారులో ఉన్నా నర్సు బుద్ధి ఎక్కడికి పోతుంది, ముందు శానిటైజర్ వైప్‌తో తుడిచాను. కుడి అరచెయ్యి గుంటలా చేసి, కింద ఎడమ చెయ్యి ఆనించింది. ఎవరో బాగా నేర్పారు. స్ట్రా లాగేసి డబ్బా మూల చింపి కొంచెం పోశాను. తాగి, తడి చేతిని నెత్తికి రాసుకుంది. మూడుసార్లు పోశాను. నాకు కావలసింది సగం డబ్బా పైనే.

“ఇప్పుడు నానమ్మ పేరున.”

తాగింది. అమ్మ పేరున తాగింది. నాన్న పేరు వచ్చేసరికి విసుగేసిందేమో, డబ్బా నా చేతిలోంచి లాక్కుని గడగడా ఖాళీ చేసేసింది. పాలు పితికే ఆవిడ చెంబు పట్టుకుని కదలకుండా చూస్తోంది. ఆవిడకి ఏమర్థమైందో గానీ, ఒక ఉన్ని దుప్పటి తెచ్చి పిల్ల భుజాల చుట్టూ కప్పింది.

చక్కెర ఇచ్చాక పావుగంట ఆగి మళ్ళీ చూడాలి. ఆ పావుగంట ఎలా గడిచిందో నాకే తెలియాలి. గుమ్మంలో జెన్నా నా చేతివంకే చూస్తోంది. బాణం ముందు అడ్డంగా తిరిగింది, తర్వాత పైకి లేచింది. బొటనవేలు ఎత్తి చూపించాను. జెన్నా అక్కడే మెట్ల మీద కూలబడింది.

లంచ్ బ్యాగ్‌లోంచి ఇడ్లీలు తీశాను. చల్లారి గట్టిపడ్డాయి. అన్విత వాటి వంక చూసి అడిగింది. “ఆంటీ, ఇవి తింటే ఫాస్టింగ్ పోతుంది కదా?”

“అసలెందుకు చేస్తున్నావురా ఇది?”

“నానమ్మ నా డయాబెటిస్ పోవాలని ఫాస్టింగ్ చేస్తోంది. బట్ ఇట్స్ మై డయాబెటిస్. సో నేను చేయాలి కదా?”

తియ్యటి అబద్ధం చెప్పడం సులువు. కానీ ఈ పిల్ల ఇంకా ముగ్గురు నలుగురు డాక్టర్లని, వందల సూదుల్ని చూడబోతోంది. నమ్మడానికి ఒక మనిషైనా ఉండాలి.

“పోదు తల్లీ. నువ్వు చేసినా, నానమ్మ చేసినా పోదు. వేళకి తింటే, వేళకి ఇన్సులిన్ తీసుకుంటే అది నిన్నేం చేయలేదు.”

అన్విత ఇడ్లీ తుంచి నోట్లో పెట్టుకుంది. “ఆంటీ, నానమ్మకి చెప్పొద్దు. షీ విల్ క్రై.”

చెప్పకుండా ఎలా ఉంటాను? సిగ్నల్ దొరకగానే దీప్తికి చెప్పాను. బస్సు దిగేసరికి స్కూల్ గేటు దగ్గర దీప్తీ, వాళ్ళ అత్తగారూ ఉన్నారు. దీప్తి పిల్లని వాటేసుకుని అక్కడే ఏడ్చేసింది. ఆ పెద్దావిడ మాత్రం ఏడవలేదు. నన్ను పక్కకి పిలిచి అడిగారు. “నా ఉపవాసం వల్ల దానికేమీ రాదా అమ్మా?”

“మీకు మనశ్శాంతి వస్తుందండీ. దానికి కావలసింది మూడు ఇడ్లీలు.”

నా మాట నాకే కటువుగా అనిపించింది. ఆవిడ తల ఊపి, మనవరాలి బ్యాగు భుజానికి తగిలించుకుని వెళ్ళిపోయారు.

అప్పటి నుంచి నేనొక పద్ధతి మార్చుకున్నాను. పిల్ల తిన్నదా అని తల్లిని అడిగినా, మళ్ళీ పిల్లనే అడుగుతాను. తిన్నావా అనను, ఏం తిన్నావు, ఎలా ఉంది, ఎవరితో కూర్చుని తిన్నావు అంటాను. ప్రేమ ఎక్కువున్న ఇళ్ళ పిల్లల్ని ఈ ప్రశ్నలు ఇంకా ఎక్కువ అడుగుతాను. జబ్బు బరువు పిల్లకి తెలియకుండా ఇంట్లో వాళ్ళు మోద్దామనుకుంటారు, పిల్లలు అన్నీ వింటూనే ఉంటారు.

కార్తీకం అయ్యాక ఒకరోజు పిల్లని తీసుకెళ్ళడానికి ఆ నానమ్మ వచ్చారు. మాటల్లో మాటగా చెప్పారు. తర్వాతి సోమవారం పొద్దున్న అన్విత కంచం ముందు కూర్చుని, “నానమ్మా, నువ్వు తింటేనే నేను తింటా” అందట. పెళ్ళైన ఏడాది నుంచి ఒక్క కార్తీక సోమవారమూ తప్పని మనిషి, మనవరాలి ఎదురుగా కూర్చుని పొద్దున్నే మూడు ఇడ్లీలు తిన్నారట.

“ఇన్నేళ్ళూ తినకుండా ఉండటమే కష్టమనుకున్నానమ్మా,” అన్నారావిడ. “ఆ రోజు తినడం కష్టమైంది.”