గోడకు పసుపు చల్లిన అమ్మణి

మద్రాసులో సున్నం వేసేవాళ్లకు కొదవ ఉండేది కాదు. వాళ్లలో అమ్మణిని మాత్రం సున్నంతో పనిలేని ఇళ్లకు కూడా పిలిచేవాళ్లు. గోడలో నీళ్లు ఊరుతూ, ఎక్కణ్ణించో అంతు చిక్కకపోతే, "రాయపురం అమ్మణికి కబురు పెట్టండి" అనేవాళ్లు. ఆమె వెనకే సామాను సంచీతో నేనూ వెళ్లేవాణ్ణి. నాది పైపుల పని. ఆమె చోటు చూపిస్తే నేను గోడ తవ్వేవాణ్ణి.

ఈ పని ఆమెకు ఎవరూ నేర్పలేదు. తడి గోడ మీద సున్నం నిలవదు. పెచ్చులూడితే మాట పడేది సున్నం వేసినవాళ్లే. అందుకని కుంచె ముంచకముందే గోడను చూడటం నేర్చుకుంది. అరచెయ్యి ఆనించి చల్లదనం చూసేది. వేలి కణుపుతో తట్టి, ఇటుక మొద్దుగా పలికితే తల ఊపేది. అప్పటికీ తేలకపోతే, పలచని గుడ్డలో కట్టిన పసుపు మూట తీసేది. పెళ్లిళ్లలో పసుపూ సున్నమూ కలిపి దిష్టి తీసే ఎర్రనీళ్లు తెలుసు కదా, అదే సంగతి. గోడకు పలచగా కొత్త సున్నం పూసి, బాగా ఆరాక మూటతో తట్టి పసుపు చల్లేది. ఆరిన చోట పసుపు పసుపుగానే ఉంటుంది. తడి పైకి వచ్చిన చోట ఎర్రబారుతుంది.

జార్జి టౌన్‌లో కోదండరాం నాయుడికి గోనెసంచుల కొట్టు ఉండేది. కొట్టు వెనకే ఇల్లు. మేడమీద గదిలో చిన్నపొన్ను అద్దెకుండేది. రాయపురంలో చేపలు కొని, గంప నెత్తిన పెట్టుకుని వీధుల్లో అమ్మేది. చేపల గంప ఉందంటే ఆ చుట్టుపక్కల ఎవరూ గది ఇవ్వరు. నాయుడి ముందు గదిలో గోడ ఉబ్బి, ఆనించి పెట్టిన సంచులు బూజు పట్టాయి. పైన ఆమె పారబోసే నీళ్ల వల్లేనని నాయుడు తేల్చేశాడు. అమావాస్యలోగా ఖాళీ చెయ్యమన్నాడు. తర్వాత వచ్చేవాళ్ల కోసం పై గదికీ, ఉబ్బిన కింది గోడకూ సున్నం వెయ్యమని అమ్మణిని పిలిపించాడు.

అమ్మణి ముందు గది గోడకు చెయ్యి ఆనించింది.

"ఈ గోడకి సున్నం పట్టదు సామీ. కడుపునిండా నీళ్లు తాగుండాది."

"ఎవురు తాపించినారో నాకు తెలుసులే. నువ్వు సున్నం కొట్టు," అన్నాడు నాయుడు.

"నీకు తెలుసు సరే. గోడనొక మాట అడగొద్దా?"

కుంపటి పెట్టించి గోడను ఆరబెట్టింది. సున్నం పూసింది. అదీ ఆరాక పసుపు చల్లి, మెట్ల దగ్గరికెళ్లి పైకి కేకేసింది.

"చిన్నపొన్నూ! ఉన్న నీళ్లన్నీ గదిలో పోసి కడుగు!"

"ఏందక్కా నువ్వు! ఇప్పుడు పోస్తే ఈ పొద్దే తరిమేస్తాడు!"

"పొయ్యవే. నీ మీద నాకేం ప్రేమ కారిపోలేదు. నీ నీళ్లయితే నీదే తప్పని నేనే చెప్తా."

చిన్నపొన్ను బిందెలు ఎత్తి పోసింది. "ఇల్లు కూల్చేస్తారా!" అని నాయుడు కింద చిందులు తొక్కాడు. పొద్దుగూకినా గోడ పసుపు పచ్చగానే ఉంది.

తెల్లవారి కొళాయి నీళ్లొచ్చే వేళకు మేం మళ్లీ వెళ్లాం. చూస్తుండగానే దూలానికి కాస్త కింద ఎర్రచుక్క లేచి అరచేతంత అయింది.

నాయుడు వెనక్కి జరిగాడు. "ఏందిది, గోడకి అమ్మవారు పోసిందా?"

"అమ్మవారు కాదు, కొళాయి. అంతోనీ, వాల్వు కట్టు," అంది అమ్మణి.

ఇంటి వాల్వు కట్టేశాను. ఇంట్లో కొళాయి ఆగింది గాని, గోడ మీది ఎరుపు పాకుతూనే ఉంది.

"ఇది ఈ ఇంటి పైపు కాదు," అన్నాను.

అందరం గోడ వైపు చూశాం, నాయుడు తప్ప. గోడకు అవతల ఉండేది ఆయన తమ్ముడు చెంగయ్య. తండ్రి పోయాక ఇల్లు పంచుకుని, నడిమి గోడను హద్దు చేసుకున్నారు. అప్పటినుంచీ మాటల్లేవు. తండ్రి వేయించిన పాత పైపు ఈ గోడలోనే ఉండిపోయింది. దాని వాల్వు చెంగయ్య వైపు ఉంది.

"సిమెంటు పూసెయ్, పోతాది," అన్నాడు నాయుడు.

"మరి చిన్నపొన్ను?"

"పోనీ. ఆమె వల్లేనని వీధంతా చెప్పుండా. ఇప్పుడు వాడి పైపు అంటే, పోయి వాడితో మాట్లాడమంటారు."

అమ్మణి నిచ్చెనెక్కి, గోడలో దిగిన దూలం కొనలో మేకు గుచ్చింది. ఉడికిన చిలగడదుంపలో దిగినట్టు దిగింది.

"చిన్నపొన్ను పోయినా నీళ్లు పోవు సామీ. ఇది విరిగితే కప్పు మీ ఇద్దరి నెత్తినా పడతాది. అప్పుడు మాట్లాడుకోండి, ఆస్పత్రిలో పక్క పక్క మంచాల మీద."

నాయుడు మేకునూ దూలాన్నీ చూశాడు. గడప దాటలేదు. గోడ దగ్గరికెళ్లి పిడికిలితో గుద్దాడు.

"ఒరే చెంగా! నీ వాల్వు కట్టెయ్‌రా!"

కాసేపటికి అవతల నుంచి గొంతు వచ్చింది.

"ఎవురది ఆడ?"

"నేనే!"

"నేనంటే?"

నాయుడు మా ఇద్దరి వైపూ చూశాడు. మేం పైకప్పు చూశాం.

"మీ అన్నని రా!"

అవతల తుప్పు పట్టిన వాల్వు కిర్రుమంటూ తిరిగింది. "మా పక్క గోడా నానతాండాదిలే! నువ్వే నీళ్లు కొడతాండావనుకున్యా!" అని చెంగయ్య అరిచాడు.

నేను తవ్వాను. పాత ఇనప పైపు అతుకు దగ్గర తుప్పు తినేసింది. ఆ ముక్క కోసి కొత్తది పెట్టి, మరలకు జనపనార చుట్టి, నీళ్లు కారకుండా సఫేదా ముద్ద పూసి బిగించాను. పాడైన దూలం కొన కింద వడ్రంగి చేత దిమ్మె పెట్టించారు. తవ్విన చోటు పూడ్చి, అమ్మణి మళ్లీ కుంపటి పెట్టింది, సున్నం పూసింది, పసుపు చల్లింది.

మర్నాడు నీళ్లొచ్చే వేళకు చెంగయ్య కూడా వచ్చి గుమ్మంలో నిలబడ్డాడు. రెండు వైపులా కొళాయిలు తిప్పాం. చాలాసేపు చూశాం. గోడ ఎర్రబారలేదు.

చిన్నపొన్ను మూటలు కట్టుకుని మెట్ల మీద కూర్చునుంది.

"ఉండమని చెప్పమ్మణీ," అన్నాడు నాయుడు మెల్లగా.

"తమ్ముడితో గోడలోంచి మాట్లాడినోడివి. మెట్ల మీదున్న మనిషితో మాట్లాడలేవా?"

నాయుడు మెట్ల దాకా వెళ్లి గొంతు సవరించుకున్నాడు.

"చిన్నపొన్నూ, కొళాయొచ్చింది. బిందె తీసుకురా."