అడవికి అమ్మల దస్కతు

మొన్న సిరిసిల్లలో మా మనవరాలు, స్నేహితులతో కలిసి ఏదో జాతీయ పార్కులో కొండదారి నడవడానికి ఫోనులో అనుమతి దొరికిందని ఇల్లంతా తిరిగి చెప్పింది. రోజుకు కొందరినే పంపుతారట, దొరకడం చాలా కష్టమట. దాని సంబరం చూస్తుంటే, చిన్నప్పుడు అడవిలో అడుగుపెట్టడానికి మేం సంపాదించిన అనుమతి గుర్తొచ్చింది.

అప్పుడు మేం కోరుట్లలో ఉండేవాళ్లం, నేను తొమ్మిదో తరగతి. వరసగా వానలు ఎగ్గొట్టి బావులెండిపోతే, మా వాడలో మగవాళ్లు చాలామంది మస్కట్టుకో దుబాయికో వెళ్లిపోయారు. కల్లుగీసే మా బాపు కూడా తాటిచెట్టెక్కే మోకు దూలానికి తగిలించి, మస్కట్టులో ఇళ్లు కట్టే పనికి పోయాడు. అమ్మ బీడీలు చుట్టి మమ్మల్ని సాకేది. మా తరగతిలో సగానికి పైగా ఇళ్లలో ఇదే కథ.

మా సైన్సు టీచరమ్మకు మమ్మల్ని గోదావరి అవతలి అడవికి తీసుకెళ్లి, అక్కడి పెద్దగుట్ట మీది దాకా నడిపించాలని కోరిక. మగపిల్లలు ఏటా వెళ్లే దారే అది. అక్కడి అడవి అధికారి మాత్రం, ఆడపిల్లలైతే ఒక్కొక్కరి తండ్రి సంతకం ఉండాలన్నాడు. తండ్రులేమో సముద్రం అవతల. ఉత్తరం పోయి జవాబు వచ్చేలోగా ఎండలు ముదిరి ఆ దారి మూసేస్తారు. టీచరమ్మ ఆ సంగతి చెబుతుంటే నాకు ఏడుపు ఆగలేదు.

ఇంటికొచ్చి చెబితే అమ్మ ఒళ్లోని బీడీల చాట పక్కన పెట్టింది. మర్నాడు వాడలోని తల్లులందరినీ కూడగట్టి, టీచరమ్మనూ నన్నూ వెంటబెట్టుకుని జగిత్యాల బస్సెక్కింది. అక్కడ బస్సు మారి, గోదావరి దాటి, అడవి ఆఫీసు చేరేసరికి మధ్యాహ్నమైంది. అధికారి చెడ్డవాడేం కాదు, నిబంధన అలా ఉందమ్మా అని మెల్లగానే చెప్పాడు. అమ్మ కొంగు సర్దుకుని ముందుకొచ్చింది.

"పిల్లల తండ్రులు ఎడారిల ఉన్నరు సారూ. బడికి పంపేది మేమే, జరమొస్తే దవఖానకు తోల్కపోయేది మేమే. గివన్ని చేసేటోళ్లం, అడవికి పంపెతందుకు మా దస్కతు చెల్లదా?"

ఆయన కాగితం ముందుకు జరిపి, అయితే తోడుకు మీలో ఇద్దరు రావాలన్నాడు.

"ఇద్దరెందుకు సారూ, అందరం వస్తం" అంది వెనక నుంచి మా పెద్దమ్మ. ఆఫీసంతా నవ్వింది, ఆయనతో సహా. నా పలక మీద నేర్చుకున్న అక్షరాలతో అమ్మ తన పేరు రాసింది, మిగతావాళ్లు వేలిముద్రలు వేశారు.

ఆ వారమే గుట్టెక్కాం. చీరలు ఎగ్గట్టుకుని తల్లులే ముందు నడుస్తుంటే, టీచరమ్మ చెట్ల పేర్లు చెప్పడం మాని వాళ్ల వెంట పరుగు పెట్టాల్సి వచ్చింది. పొద్దస్తమానం వంగి బీడీలు చుట్టే అమ్మ, పైన నిటారుగా నిలబడి, దూరాన మెరుస్తున్న గోదావరిని చూస్తూ ఉండిపోయింది. "మీ బాపుకు రాయి బిడ్డా, నేను గూడ దూరం చూసిన్నని" అంది.

ఇప్పుడా అడవిలో రోడ్లు పడ్డాయి, జీపులు తిరుగుతున్నాయి, నడిచేవాళ్లు తక్కువ. తండ్రి సంతకమే కావాలని ఆడపిల్లలను ఆపేవాళ్లు లేరు. కోరుట్ల నుంచి గల్ఫుకు పోయేవాళ్లు మాత్రం ఇంకా పోతూనే ఉన్నారు. అమ్మ పోయింది. ఆనాటి తల్లుల్లో మిగిలినవాళ్లు ఎప్పుడైనా ఎదురుపడితే, పిల్లల సంగతీ మోకాళ్ల నొప్పుల సంగతీ అన్నీ అయ్యాక, "మల్లొక్కసారి గా గుట్టకు పోయేదుండె బిడ్డా" అంటారు.