పోలికకు సగం

నందీశ్‌కు ఒకటే జబ్బు: ఏ పని చేసినా సగం చేసి, మిగతా సగం "పోలికకు" వదిలేస్తాడు. కోలారు కాలేజీలో బీఎస్సీ చదివే రోజుల్లో అంటుకున్న జబ్బది. గౌనిపల్లికి తిరిగొచ్చి పట్టుపురుగులు పెంచుకుంటున్నా వదల్లేదు. అన్నదమ్ముల ఉమ్మడి మామిడి తోటలో సగం చెట్లకే మందు కొడతాడు. తలకు సగమే నూనె రాస్తాడు. రెండు గ్లాసుల కాఫీ పెట్టించి, ఒకదాంట్లోనే చక్కెర వేయమంటాడు. చక్కెరది భార్య పుష్పావతికి, చేదుది తనకు.

"రెండిట్లోనూ వేస్తే నీ సొమ్మేం పోతాది?" అనేది పుష్పావతి.

"అప్పుడు చక్కెర పనిచేస్తా ఉండాదని యెట్ల తెలుస్తాదిమే? పోలిక ఉండాల. సైన్సు అట్లనే ముందుకొచ్చింది."

"సైన్సు ముందుకే పోతా ఉండాది. మన సంసారమే యెనక్కి పోతా ఉండాది."

ఆమె మాటలో అబద్ధం లేదు. వరుసగా రెండు పట్టు పంటలు రోగమొచ్చి పోయాయి. ఈ మూడోదీ పోతే ఇద్దరూ కోలారు పక్కనున్న తమక అనే ఊళ్లో ఏదో ఫ్యాక్టరీలో కూలికి చేరాల్సిందే. సరిగ్గా అప్పుడు, ఆ రోగానికి కొత్త మందు పొడి వచ్చిందని విని నందీశ్ శ్రీనివాసపురం పరిగెత్తాడు. అంగట్లో మిగిలింది ఒకే పొట్లం. పుష్పావతి దేవుడి పటానికి దండం పెట్టుకునేలోపల, ఆ మహానుభావుడు పొట్లమంతా పక్కింటి పిల్లమ్మ పురుగుల మీద చల్లి వచ్చాడు.

"మరి మనవి?"

"మనవి పోలికకు."

పుష్పావతి గుమ్మంలోనే కూలబడింది. ఇలాంటివాణ్ణి కట్టుకున్న ఆడదానికి ఏడవడానికి కూడా ఓపిక మిగలదు.

వారం తిరక్కుండా వాళ్ల తట్టల్లో పురుగులన్నీ ఒంట్లోంచి పాలలాంటి రసం కారి చచ్చాయి. పిల్లమ్మవి మాత్రం గట్టిగా గూళ్లు కట్టాయి.

"చూసినావా, మందు పనిచేసింది!" అన్నాడు నందీశ్, చచ్చిన పురుగులను గంపకెత్తుతూ. పుష్పావతికి ఆ గంప అతని నెత్తిన బోర్లించాలనిపించింది.

పిల్లమ్మ మొగుడు పోయిన మనిషి. ఎవరైనా ఊరికే ఇస్తే మంచినీళ్లు కూడా ముట్టదు. గూళ్లు మార్కెట్టుకు తీసుకుపోతూ పుష్పావతి దగ్గర ఆగింది.

"ఏమీ అనుకోవద్దు పుష్పా. సాయమని వచ్చుంటే నేను గడప కూడా తొక్కనిచ్చేదాన్ని కాదు. నీ మొగుడే బతిమలాడినాడు, నా ప్రయోగానికి నీ పురుగులు కావాలక్కా అని. పాపం, పిచ్చోడు గదా, ఈయప్ప మనసెందుకు నొప్పించాలని ఒప్పుకున్నా."

పుష్పావతికి అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. మందు కొట్టిన మామిడి చెట్లన్నీ మరిది వాటాలోవి. చక్కెర గ్లాసు తనది. నేరుగా మొగుడి ముందుకు పోయి నిలబడింది.

"పోలికంటే పక్కలు మార్చి కూడా చూడాల గదా? ఇన్నేండ్లలో మంచి సగం ఒక్కసారన్నా నీ పక్కకు రాలేదేమి?"

నందీశ్ నూనె లేని వైపు తల గోక్కున్నాడు. "అదొకటే నా ప్రయోగంలో లోపం."

ఆమె లోపలికి పోయి, రెండు గ్లాసుల్లోనూ చక్కెర వేసి తెచ్చింది.

"మరి పోలికకో?" అన్నాడు కంగారుగా.

"నిన్నటిది ఉండాది గదా. తాగు. పొద్దున్నే తమక బస్సెక్కాల."

నందీశ్ ఒక గుక్క తాగి, కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించాడు.

"చక్కెర పనిచేస్తా ఉండాదిమే!"